అప్పలనరసింహం కోసిన ఎడమ మర

కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో ఒక రేకుల షెడ్డు ముందు బోర్డు ఉంది: 'అన్ని రకముల మరలు, ఎడమ మరలతో సహా, కోయబడును.' దాని కింద అప్పలనరసింహం పేరు మిగతా అక్షరాలన్నిటికన్నా పెద్దది. ముప్పై ఏళ్లుగా అతను ఆ లేత్ మిషను వెనక నిలబడుతున్నాడు. నిలబడినంత మాత్రాన పని వచ్చేటట్లయితే రోడ్డు పక్కన కరెంటు స్తంభాలన్నీ ఈపాటికి ఎలక్ట్రీషియన్లు కావాలి.

నట్టు లోపలా బోల్టు మీదా చుట్టలుగా తిరిగే గాట్లనే మర అంటారు. మామూలు నట్టు కుడివైపు తిప్పితే బిగుస్తుంది. కొన్ని యంత్రాల షాఫ్టులు తిరిగే దిశకు అలాంటి నట్టు దానంతటదే వదులైపోతుంది. వాటికి ఎడమవైపు తిప్పితే బిగిసేది కావాలి. రంధ్రం లోపలి గోడ మీద ఆ ఎడమ మర కోయాలంటే పనిముట్టు లోపలి కొసన మొదలై బయటికి నడవాలి. కంటికి కనపడని చోట మొదలుపెట్టవలసిన పని అది. కనపడడం కోసమే బతికినవాడికి అంతకన్నా పరాయి పని మరొకటి ఉండదు. అప్పలనరసింహం ఒక్కసారీ దాన్ని చేయలేదు. ఎవరైనా అడిగితే రెండు రోజులు గడువు పెట్టి, విజయనగరం వెళ్లి తయారు నట్టు కొని తెచ్చి, అంచులు కాస్త గీకి, నూనె పూసి, అప్పుడే కోసినట్టు వేడి చేసి చేతిలో పెట్టేవాడు. జనం మెచ్చుకుంటే వద్దనేవాడు కాదు. అబద్ధం ఆడడానికైనా కొంత శ్రమ ఉంది. ఊరుకుని గౌరవం పుచ్చుకోవడానికి అదీ లేదు.

కిందటి నవంబరులో దాలమ్మ రైసుమిల్లులో షాఫ్టు నట్టు రెండుగా పగిలింది. ఒక సగం ఊకలో పోయింది. మిల్లు నడిపే ఉపేంద్ర రెండో సగం పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. మిషను పాతది, ఆ కొలత నట్టు ఏ బజారులోనూ దొరకదు. అప్పలనరసింహం ఆ ముక్కని వెలుగుకెత్తి, పక్కనున్న మామూలు బోల్టుతో పోల్చి చూశాడు. గాట్లు రెండింటి మీదా ఒకే వైపుకి వాలి ఉన్నాయి.

పగిలిన నట్టులో మనకి కనపడేది రంధ్రపు వెనక గోడ. బోల్టు ముందువైపు గాట్లు ఎటు వాలతాయో, అదే రకం మర వెనక గోడ మీద దానికి ఎదురు దిక్కున వాలుతుంది. కాబట్టి ఆ రెండూ ఒకేలా కనపడ్డాయంటే ముక్కలో ఉన్నది ఎడమ మర. పని నేర్పేవాడు మొదటి నెలలోనే చెప్పే సంగతి ఇది. అప్పలనరసింహానికి అది తెలియకపోలేదు, గుర్తు రాలేదు. అది కుడి మర కావాలని అతని మనసు కోరింది; కన్ను సంతకం పెట్టింది.

"మావా, షాఫ్టు కూడా ఇప్పి తెస్తాను, ఓపాలి దాని మీద పెట్టి సూసుకో," అన్నాడు ఉపేంద్ర.

"నట్టు మొకం సూసి దాని జాతకం సెప్తానురా నాను. షాఫ్టెందుకు? కుడి మరే."

సాయంత్రానికి నట్టు తయారైంది; పగిలిన ముక్కతో సహా ఉపేంద్ర పట్టుకెళ్లాడు. షాఫ్టు మీదికి ఒక్క చుట్టు కూడా ఎక్కలేదు. మర్నాడు పొద్దున్నే దాలమ్మ షాఫ్టుని తోపుడు బండి మీద వేయించుకుని, ఉపేంద్రను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చింది.

"ఏటి మేస్త్రీ, నీ నట్టు ఎక్కనేదు."

"షాఫ్టు అరిగిపోయినాది దాలమ్మా. పాత మర సెక్కేసి కొత్తది కోసేస్తాను. గంట పని." షాఫ్టుని ఎత్తి మిషనుకి బిగించడం కూడా మొదలుపెట్టాడు.

తన తప్పు ఒప్పుకోవడం కన్నా మరొకరి ఇనుము చెక్కడం అతనికి తేలిక. ఆ షాఫ్టు ఇంకెక్కడా దొరకదు. ఒకసారి చెక్కి కుడి మర కోస్తే, మిల్లు తిరిగిన ప్రతిసారీ నట్టు ఊడి వస్తుంది. మిల్లు వాకిట్లో టార్పాలిన్ల కింద ఊరి ధాన్యమంతా మర ఆడకుండా ఆగి ఉంది.

దాలమ్మ షాఫ్టు మీద చెయ్యి వేసింది. "ఆగు." కొంగు ముడిలోంచి పగిలిన సగం తీసి షాఫ్టు గాట్ల మీద ఆనించింది. పన్నుకి పన్ను కూర్చుంది. ఒత్తి పట్టి ఎడమవైపు తిప్పితే మెల్లగా ముందుకి నడిచింది.

"నా ముక్క కూకున్నాది. నీ నట్టు కూకోనేదు. అరిగింది షాఫ్టా, నీ బుర్రా?"

"నట్టు జాతకంలో శని వక్రించినాడు మావా," అన్నాడు ఉపేంద్ర.

అప్పలనరసింహం షాఫ్టు బిగింపు విప్పాడు. "ఎడమ మర," అన్నాడు. "రేపు సేసి పంపుతాను."

"రేపు నువ్వు ఏ రైలెక్కుతావో నాకెరికే. నానీడే కూకుంటాను." ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

మొదటి ఇనుప దిమ్మలో లోపలి కొసన గాడి తీయడం మరిచాడు. పనిముట్టుకి దిగే చోటు లేక దాని మొన విరిగింది. రెండోదాంట్లో లోతు ఎక్కువై నట్టు లొడలొడలాడింది. దాలమ్మ లేవలేదు. మూడోదానికి ముందు గాడి తీశాడు. పనిముట్టు నడక దిక్కు మార్చే లివరు తిప్పాడు. మొనని లోపలి గాడిలో దించి, వెంట్రుకవాసి చొప్పున కోస్తూ బయటికి రప్పించాడు. మధ్యాహ్నం దాటాక ఆ నట్టు ఎడమవైపు తిరుగుతూ షాఫ్టు మీద సాఫీగా బిగిసింది. అది పని. ముప్పై ఏళ్లలో అతని గురించి ఆ మాట నిజంగా అనదగ్గది ఆ ఒక్కసారి.

"ఆ తప్పు నట్టు ఇచ్చీయ్," అన్నాడు వాళ్లు బయల్దేరుతుంటే.

"ఉండనీ మేస్త్రీ. దేనికో దానికి పనికొస్తాది."

వారం తిరక్కుండా అతను షెడ్డుకి వచ్చినవాళ్లకి లోపలి ఎడమ మర గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. బోర్డు మారలేదు. దాలమ్మ ఆ తప్పు నట్టుని తీగతో మిల్లు గుమ్మానికి వేలాడదీసింది. ఒకరి ధాన్యం ఆడడం పూర్తవగానే తరువాతి వాళ్లని పిలవడానికి ఉపేంద్ర దాన్ని ఇనుప చువ్వతో కొడతాడు. మిల్లు అతని షెడ్డుకి నాలుగు ఇళ్ల అవతలే. ఆ మోత వినపడినప్పుడల్లా అప్పలనరసింహం, బిగించడానికి చేతిలో ఏమీ లేకపోయినా, మిషను ఆన్ చేస్తాడు.