మూడు పొద్దుల లెక్క తెలిసిన మస్తాన్ మామయ్య

దుర్గి రాతి అక్షరాల మేస్త్రి మస్తాన్ మామయ్య ఇక లేరు. గత నెల ఒక బుధవారం సాయంత్రం, మసీదులో పొద్దుగూకే వేళ ఇచ్చే మగ్రిబ్ అజాన్ ముగిసిన కొద్దిసేపటికి, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. ఆ మధ్యాహ్నమే నేను పలక మీద రాసిన అక్షరాలు చూసి, "ఈ 'క్ష' లావైంది అమ్మాయ్, తిండి తగ్గించు దానికి" అని నవ్విన మనిషి! ఫోన్‌లో ఆ పిడుగులాంటి వార్త విన్నప్పుడు నా చేతిలో జాజు, అదే ఎర్రమట్టి రంగు, అంటిన కుంచె ఉంది. "ఏ మస్తాను? ఏ మస్తాను?" అని మూడుసార్లు అడిగానట. పల్నాడులో మస్తాన్లకు కొదవా? పోయినవాడు ఇంకెవరో మస్తాను అయి ఉండాలని నా మనసు కోరుకుంది. పాడు కోరికే, ఒప్పుకుంటున్నాను.

దుర్గి అనగానే అందరికీ విగ్రహాలు చెక్కే శిల్పులు గుర్తుకొస్తారు. మామయ్య జీవితంలో ఒక్క విగ్రహమూ చెక్కలేదు. ఆయనది అక్షర తపస్సు. శంకుస్థాపన ఫలకాలు, గుడి గోడల మీద దాతల పేర్లు, ముస్లిముల సమాధి రాళ్లు, క్రైస్తవుల సమాధి రాళ్లు, ఇవీ ఆయన కృతులు. మాచర్ల మొదలు వినుకొండ దాకా ఏ మతంవారి రాయి మీదైనా ఆయన ఉలి నడిచింది. ముందు నేను జాజుతో రాసేదాన్ని, ఆయన చెక్కేవారు. పేర్ల విషయంలో నన్ను నమ్మేవారు గానీ తేదీ దగ్గరికొచ్చేసరికి ఉలి పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇంటివాళ్లను కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగేవారు. "పేరు తప్పుపోతే ఇంటోళ్లు ఆ రోజే పట్టుకుంటారు. తేదీ తప్పుపోతే ఎవురూ చూడరు. పదేళ్లు పోయినాక ఆ తప్పే నిజమై కూర్చుంటది" అనేవారు.

అంతటి మనిషి రాయి ఇప్పుడు నేను రాయాల్సి వచ్చింది. నలభయ్యో రోజు చదివించే ఫాతిహా ప్రార్థన నాటికి అది నిలబడాలి. పేరు, పోయిన తేదీ, ఆ రెండు పంక్తులకు మించి తన రాయి మీద ఏమీ ఉండకూడదని ఆయనే చెప్పి ఉంచారు. పేరు రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. తేదీ దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో మీకు అర్థం కావాలంటే ఆయన దగ్గర నేను నేర్చుకున్నదేమిటో చెప్పాలి.

మామయ్యతో నా పరిచయమే ఒక తప్పు తేదీతో మొదలైంది. అప్పట్లో నేను మాచర్లలో ఒక ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ మీద పనిచేసేదాన్ని. ఎవరో సమాధి రాయికి నమూనా కావాలంటే తేదీని ఐదు, అడ్డగీత, ఎనిమిది అని కొట్టాను. ఆగస్టు ఐదు అన్నమాట. ఆ మాయదారి మిషన్‌కు అమెరికా అలవాటు! వాళ్లు నెల ముందు రాసి, రోజు తర్వాత రాస్తారు. అది నన్ను ఒక్క మాటైనా అడక్కుండా మే ఎనిమిది చేసి పెట్టింది. నేనూ కళ్లు మూసుకుని అదే అచ్చు తీసి ఇచ్చాను. మర్నాడు చేతిసంచితో ఒక పెద్దాయన షాపుకొచ్చారు.

"అమ్మా, ఈ కాయితం కొట్టింది నువ్వేనా?"

"నేనే. ఏం?"

"ఏం లేదులే. ఈ కాయితమేమో ఆయన ఎండల్లో పోయాడంటాంది. కొడుకేమో పత్తికి కలుపు తీసేటప్పుడు పోయాడంటున్నాడు. ఇద్దర్లో ఎవరిది కరెక్టో కనుక్కుందామని బస్సెక్కి వచ్చా."

మా ఓనరు నా మీద విరుచుకుపడబోయాడు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టి, "అయ్యా, తప్పు ఆ అమ్మాయిది కాదు, మీ మిషన్ది. దానికి మన ఊరు తెలవదు" అన్నారు. ఆ రోజు నా ఉద్యోగం నిలబడింది. ఏడాది తిరక్కముందే షాపు మూతపడితే, తిన్నగా బస్సెక్కి దుర్గి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. "కంప్యూటరమ్మాయి వచ్చింది, టీ పెట్టు" అని లోపలికి కేకేశారు. అత్త, అంటే ఆయన భార్య హుసేన్‌బీ, టీతో పాటు పీట కూడా తెచ్చి వేసింది. ఉద్యోగం అడగను కూడా అడగలేదు నేను. ఆ పీట మీద పదమూడేళ్లు కూర్చున్నాను.

ఆయన చదివింది ఐదో తరగతి. కానీ లోకంలో ఎవరు తేదీ ఎలా రాస్తారో ఆయనకు తెలిసినంత నాకు తెలిసిన లెక్చరర్లకెవరికీ తెలియదు. రాజుపాలెం వైపు ఒక కల్యాణ మండపానికి శిలాఫలకం చెక్కేటప్పుడు కమిటీవాళ్లు ఇంగ్లీషు తేదీ పైన ఉండాలన్నారు. పంతులుగారు సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అని వరసగా రాసిన కాగితం పట్టుకుని ససేమిరా అన్నారు. మామయ్య మధ్యలో దూరి, "పంతులుగారూ, మీరు దేశం పేరు చెప్పి, జిల్లా చెప్పి, ఊరు చెప్పి ఆఖరికి ఇంటి తలుపు కొడతారు. ఇంగ్లీషోడు ముందే తలుపు తీసి, వీధి దాటి, ఊరు దాటి దేశం మీదికి పోతాడు. ఇద్దరూ చేరేది ఆ ఇంటికేగా, కొట్లాటెందుకు?" అన్నారు.

పంతులుగారు నవ్వు ఆపుకోలేక, "మరి అమెరికావాడో?" అని అడిగారు.

"వాడు వీధి మధ్యలో నిలబడి, ఓసారి ఇంట్లోకి, ఓసారి ఊళ్లోకి తొంగిచూస్తాడు. ఈ కంప్యూటరమ్మాయిని అడగండి, ఆ బాధేందో చెప్పుద్ది."

పాలిష్ మిషన్ మీద చైనావాళ్లు కొట్టిన రేకులో సంవత్సరం, నెల, రోజు అన్న వరస చూసిన నాడైతే ఆయన సంబరం చెప్పనలవి కాదు. వెంటనే పంతులుగారికి ఫోన్ చేసి, "చైనాలో మీ చుట్టాలున్నారండోయ్!" అన్నారు. గురజాలలో ఒక క్రైస్తవ కుటుంబం 'ప్రభువునందు నిద్రించిన తేదీ' అని రాయమన్నప్పుడు మాత్రం నవ్వులాటకు పోలేదు. చెక్కడం అయ్యాక ఆ పంక్తి మీద దుమ్ము ఊది, "అందరూ పోయిన తేదీ అంటారు, వీళ్లు పడుకున్న తేదీ అంటున్నారు. ఎంత ధైర్యమో చూశావా అమ్మాయ్" అన్నారు. పరుల విశ్వాసం పట్ల అంతటి గౌరవం నేను వేదికల మీద ఉపన్యాసాల్లో విన్నాను గానీ, మనుషుల్లో చూసింది తక్కువ.

ఇక ఇన్నేళ్లుగా దాచుకున్న సంగతి ఒకటి చెప్పాలి. వినుకొండ నుంచి ఒక టైలరుగారి కుటుంబం వచ్చింది. పెద్దాయన ఒక ఆదివారం రాత్రి ఏడు దాటాక పోయాడు. ముస్లిముల నెలవంక లెక్క ప్రకారం హిజ్రీ తేదీ కావాలన్నారు. మామయ్యకు ఆ వారమంతా జ్వరం. నేను గోడ క్యాలెండర్లో ఆదివారం గడిలో మూలన సన్నగా ఉన్న అంకె చూసి, పెద్ద పండితురాలిలా పన్నెండు అని రాసేశాను. జ్వరంలో ఆ ఒక్కసారీ ఇంటివాళ్లను మళ్లీ అడక్కుండానే ఆయన చెక్కారు. సమాధి దగ్గర రాయి నిలబెడుతుంటే టైలరుగారి కూతురు, "మా నాన్న పోయింది పదమూడునండీ" అని బావురుమంది.

"తప్పు నాదే తల్లీ. ముసలోణ్ణి, చూసుకోలా" అన్నారు మామయ్య. నేను పక్కనే నోరు మూసుకుని నిలబడ్డాను. సిగ్గులేని నిలబాటు అది.

రాయిని ఆటోలో వెనక్కి తెస్తూ దారిలో చెప్పారు. "చూడు అమ్మాయ్, మీ హిందువులకు పొద్దు పొడిస్తే రోజు. ఇంగ్లీషోడికి నడిరేయి గడియారం కొడితే రోజు. మాకు పొద్దు గూకితే రోజు. ఆ పెద్దాయన పోయేసరికి మా లెక్కన ఆదివారం అయిపోయి సోమవారం వచ్చేసింది. అందుకే పదమూడు. క్యాలెండర్ అచ్చేసినోడికి అంత గడి యాడుంది?" ఆయన క్యాలెండర్‌నే నమ్మేవారు కాదు. ప్రతి నెలా నెలవంకను కళ్లారా చూసి, అవసరమైతే ఆ అంకెలన్నిటినీ పెన్సిల్‌తో దిద్దేవారు. ఆ పెన్సిల్ గీతలు రోజూ నా కళ్లెదుటే ఉండేవి, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు నేను.

"రాసింది నేనని ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అన్నాను.

"చెబితే ఏమొచ్చుద్ది? తండ్రి పోయిన బాధలో ఆ పిల్లకి నీ మొహం గుర్తుండిపోద్ది. నా మొహమంటావా, ఇంకో పదేళ్లకు మట్టిలో కలిసేదేగా."

ఆ పదేళ్లు కూడా ఉండలేదు ఆయన. రాయి తిప్పి రెండోవైపు కొత్తగా చెక్కారు. తప్పు తేదీని మాత్రం నా చేతే ఉలితో చెరిపించారు. అరచేతులు బొబ్బలెక్కాయి. నన్ను ఒక్క మాట అన్నది లేదు. ఈ నింద ఇన్నేళ్లూ ఆయన పేరు మీదే ఉండిపోయింది. వినుకొండలోని ఆ కుటుంబం ఇది చదివితే తెలుసుకోవాలి. ఆ అక్షరాలు రాసింది నేను.

ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది, మామయ్య రాయి దగ్గర నా కుంచె ఎందుకు ఆగిందో. ఆయన పోయింది బుధవారం సాయంత్రం, అజాన్ అయ్యాక. ఆయన తమ్ముడు సైదా మామ వచ్చి, "గురువారమని రాయమ్మా. అజానైంది, దినం మారింది. హిజ్రీ తేదీ ఇదిగో" అని చీటీ ఇచ్చాడు. కూతురు రజియా మరో కాగితం తెచ్చింది. "సర్టిఫికెట్లో బుధవారం అనుంది అక్కా. రేపు రాయి ఒకటి చెప్పి, కాయితం ఒకటి చెబితే ఎట్టా?" అంది. ఇద్దరిదీ నిజమే. రెండూ రాద్దామంటే తేదీకి ఆయన అడిగింది ఒక్క పంక్తే. వారం రోజులు పీట మీద కూర్చుని లేచాను. ఏది రాసినా ఆ ఇంట్లో ఒకరికి అది తప్పు తేదీ అవుతుంది. ఆయన రాయి మీదే తప్పు తేదీ పడితే నా పదమూడేళ్ల చదువు బూడిదలో పోసినట్టే.

లెక్కలు కలవనప్పుడు మామయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఏటేటా ఆ రోజు గుర్తుపెట్టుకుని ఇంట్లో వంట వండేది ఎవరో కనుక్కుని, వాళ్లనే అడిగేవారు. మగవాళ్లు చీటీలు పట్టుకుని నిలబడ్డా సరే, ఆయన వంటింటి వైపు తిరిగి అడిగేవారు. అలా నేను అత్త దగ్గరికి వెళ్లాను. అత్త ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా పాటించే దీక్ష అది. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. సైదా మామ, రజియా గడప అవతల నిలబడ్డారు.

నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "ఇంగ్లీషు లెక్కన, మా లెక్కన బుధవారమే అత్తా. మీ లెక్కన గురువారం. నువ్వే చెప్పు, ఏది రాయమంటావు?"

అత్త నా చేతులకంటిన జాజు వంక చూసింది.

"ఇయ్యన్నీ మీ మామ చెప్పేవాడుగా. పొద్దు పొడిస్తే కొందరికి, గూకితే కొందరికి, నడిరేయి కొందరికి. రోజు యాడ మొదలయిద్దో అందరూ చెబుతారు. నాకు ఆ బుధవారం ఇంకా అయిపోలా తల్లీ. అది ఎప్పుడు అయిపోద్దో మీ లెక్కల్లో యాడన్నా ఉంటే చెప్పు."

గడప అవతల సైదా మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత తన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "వదినె బుధవారమంది గదమ్మా, బుధవారమే రాయి. ఫాతిహా మన లెక్కన నేను చూసుకుంటా" అన్నాడు.

నలభయ్యో రోజుకు రెండు రోజుల ముందు రాశాను. చెక్కిందీ నేనే. మస్తాన్ మామయ్య వంటి అక్షర శిల్పి దుర్గికి మళ్లీ దొరకవచ్చు. పొద్దు ఎవరికి ఎప్పుడు మారుతుందో తెలిసి, ఆ ముగ్గురి పొద్దునూ సమానంగా మన్నించిన సహృదయుడు దొరకడు. నాకు అన్నం పెట్టిన విద్య ఆయనది, నా తప్పు మోసిన భుజం ఆయనది. ఆ ఋణం ఈ నాలుగు మాటలతో తీరేది కాదని తెలిసే, చేతులు జోడించి ఇది రాస్తున్నాను. అత్త అడిగినటువంటివి అడగడానికి నాకు ఆయన ఒక్కరే ఉండేవారు. ఆ పంక్తి రాశాక అలవాటుగా పక్కకు జరిగాను, కళ్లద్దాలు తుడుచుకుని ఆయన వచ్చి చూస్తారని. తర్వాత నేనే ఉలి అందుకున్నాను. ఆ వినుకొండ రాయి తర్వాత మొదటిసారి, నేను రాసిన తేదీ ఎవరూ సరిచూడకుండానే రాతిలోకి ఎక్కింది.