మోషన్లకు ఏ ఉగ్గు మంచిది

"పొద్దుగాల ఒకసారి పెట్టిన అక్కా, తగ్గుతలేదు. ఇంకోసారి పెట్టాల్నా?" అని ఫోన్లో ఒకామె అడిగినప్పుడు నా చేతిలోని జల్లెడ ఆగింది. అప్పటిదాకా అది మామూలు ఫోనే. మేం వరంగల్ మట్టెవాడలో ఇంట్లోనే ఉగ్గు పొడి చేసి అమ్ముతాం. ఎన్ని నీళ్లు పోయాలి, ఎంతసేపు ఉడకాలి అని తల్లులు అడుగుతూనే ఉంటారు.

"ఏం తగ్గుతలేదు?" అన్నాను.

"మోషన్లక్కా. మొన్నటి సంది. ఎనిమిది నెలల బాబు."

"పొద్దటి సంది ఉచ్చ పోసిండా?"

"లేదక్కా. పండుకునే ఉంటున్నడు. లేపినా మంచిగ లేస్తలేడు."

ఆటో మాట్లాడుకుని ఇప్పుడే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "మోషన్లకని మీదాంట్ల రాసున్నది గదా. నెట్ల కొడితే మీదే ఫస్టు వచ్చింది. అందుకే తెప్పించుకున్న."

"అది మందు కాదమ్మా, నువ్వు ముందు బయలెల్లు," అన్నాను. నా గొంతు పెద్దదైనట్టుంది, పొయ్యి దగ్గర పెసరపప్పు వేయిస్తున్న మా అత్తమ్మ మంట తగ్గించి నా వైపు చూసింది.

ఆ వెబ్‌సైటు రాసింది నేనే. మొదట 'వరంగల్ ఉగ్గు పొడి' అని ఒక్క మాటే పెట్టాను. నెలలు గడిచినా చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు. తర్వాత వీడియోలు చూసి నేర్చుకున్నాను. జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలన్నీ పేజీలో ఉండాలట. ఆరో నెలలో ఏం పెట్టాలి, పాప బరువు పెరగడం లేదు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, మోషన్లకు ఏ ఉగ్గు మంచిది. ఒక్కోదానికి ఒక శీర్షిక. ఉగ్గు అన్న మాటనే ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాశాను. "ఎన్నిసార్లు రాస్తవే ఉగ్గు ఉగ్గని? ఆ నెట్‌కు ఇంకా పండ్లు రాలేదా ఏంది, గంత తినిపిస్తున్నవ్," అని అత్తమ్మ నవ్వేది.

ఆ మాటలు ఎక్కడినుంచో తేలేదు. నా పెద్దది చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో వేసుకుని ఒంటి చేత్తో నేను ఫోన్లో కొట్టినవే. భయపడ్డ తల్లి ఏం వెతుకుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మోషన్ల శీర్షిక కింద మందని రాయలేదు నిజమే. తేలిగ్గా అరుగుతుందని రాసి, కిందనే ఆర్డరు నంబరు పెట్టాను.

ఆమెకు తిరిగి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. జల్లెడ పట్టడం పూర్తిచేశానో లేదో గుర్తులేదు.

సాయంత్రం మా ఆయన బట్టల దుకాణం నుంచి రాగానే ఆ శీర్షిక తీసేస్తానన్నాను. చొక్కా గుండీలు విప్పుతూ అలాగే ఆగాడు.

"సగం మంది ఆ మాట మీదనే వస్తున్నరు. తీసేస్తే మనల్ని చూసేదెవరు? డాక్టర్‌ను అడగున్రి అని కింద ఒక లైను పెట్టు."

"ఆ లైను ఎప్పటినుంచో ఉన్నది."

"మరింకేంది?"

ఆమె ఆ లైను దాకా పోలేదు. పెద్దదాన్ని ఒళ్లో వేసుకుని వెతికిన ఆ రోజుల్లో నేనైతే పోయేదాన్నా?

దీపాలు పెట్టే వేళకు ఆమే ఫోన్ చేసింది. హనుమకొండలో ఒక పిల్లల దవాఖానలో ఉన్నారట, సెలైన్ ఎక్కుతోందట. "ఇప్పుడే ఉచ్చ పోసిండక్కా," అంది. నేను గోడకానుకుని కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. డబ్బాలో సగం మిగిలింది, తగ్గినంక పెట్టొచ్చా అని అడిగింది. డాక్టర్‌ని అడగమన్నాను.

అన్నాలు తిన్నాక కూర్చుని మోషన్లది తీసేశాను. ఒకటి తీశాక మిగతావి చదవబుద్ధి కాలేదు. బరువుది, నిద్రది కూడా పోయాయి. పొడిలో ఏమేం ఉన్నాయి, ఎలా కడిగి ఆరబెడతాం, ఎన్నో నెల నుంచి పెట్టొచ్చు అన్నవి మాత్రం ఉంచాను. మళ్లీ చుట్టాలే చూస్తారేమో. మా ఆయన పక్కన నిలబడి చూసి, "నీ ఇష్టం," అని పోయి పడుకున్నాడు.

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను. నేను పిండి గిర్నీకి పోయినప్పుడు ఫోను ఎత్తేది వాళ్లే.

"ఎవరన్న జ్వరమనో మోషన్లనో అంటే, మా అమ్మ డాక్టర్ కాదు, దవాఖానకు పోన్రి అని చెప్పాలె. ఆర్డర్ రాసుకోవద్దు."

"మరి ఉగ్గు ఎప్పుడు కొనాల్నని అడిగితే?" అంది పెద్దది.

"బాబు మంచిగైనంక అని చెప్పు."