వెనక గోడ మీది గాజుపట్టీ

నా చిన్నప్పుడు బోయిగూడలో మా తాతను అందరూ సున్నం మేస్త్రి అనేవాళ్లు. ఎంత బతిమాలినా సిమెంటు పని ముట్టేవాడు కాదు. మాటలు చాలా తక్కువ. నాకేమో మాటలు ఎక్కువ, ఓపిక తక్కువ. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా అది మారలేదు.

మా గల్లీ చివర ఒక పాత సరాయి ఉండేది. రైలు దిగిన బాటసారులు ఒకప్పుడు అందులో తలదాచుకునేవారట. మా కాలం వచ్చేసరికి దాని ముందరి గదిలో పేపర్లు చదువుకునేవారు, వెనక గదిలో మ్యూజియం ఉండేది. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. పాత తాళాలు, రైల్వే లాంతర్లు, అక్షరాలు చెక్కిన రెండు రాళ్లు, ఎవరిదో తెలియని ఒక పల్లకి. ఎవరూ చూడనప్పుడు నేను ఆ పల్లకిలో కూర్చునేదాన్ని. వీటన్నిటినీ కూడబెట్టింది అయిదుగురు పెద్దమనుషుల సంఘం. రిటైరైన పంతులుగారు దానికి పెద్ద.

ఒక ఎండాకాలం సరాయి వెనక గోడ నిలువునా పగిలింది. కూల్చేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్లు నోటీసు అంటించారు. పంతులుగారు కాళ్లరిగేలా తిరిగి ఒక్క వానాకాలం గడువు తెచ్చారు. అన్నాళ్లూ గోడ నిలబడితే మరమ్మతుకు ఒప్పుకుంటామన్నారు. ఆ గోడను కనిపెట్టి చూసే పని మా తాతకు అప్పగించారు.

తాత ఆ పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ పెట్టి, రెండు చివరలా సున్నం ముద్దతో అతికించాడు. గోడ ఏ కాస్త కదిలినా గాజు విరుగుతుంది. పచ్చి ముద్ద మీద మేకుతో తేదీ గీసి, పక్కన బొటనవేలు నొక్కాడు. ఆయనకు అంకెలు వచ్చు గానీ సంతకం రాదు. చేసిన పని మీద వేలు నొక్కడం అలవాటు. ఆ రోజుల్లో ఆయన బొల్లారంలో పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. అందుకని నాతో, "బడి నుంచి రాంగనే రోజు చూడు బిడ్డా. పగిలితే మాత్రం నాకు చెప్పాలె," అన్నాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం వెళ్లి చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది. చెబితే సరాయి పోతుంది, పల్లకి పోతుంది. నాకు తోచింది అంతే. ఇంటికి పరుగెత్తి తాత సంచిలోంచి ఇంకో గాజుపట్టీ, పిడికెడు సున్నం తెచ్చి అచ్చం ఆయనలాగే అతికించాను. పాత తేదీనే గీశాను. వేలు కూడా నొక్కాను. మర్నాడు పంతులుగారు చూసి, గోడ నిలబడిందని మురిసిపోయి నా చేతిలో చాక్లెట్ పెట్టారు. నాలుగు రోజులకు అదీ పగిలింది. మళ్లీ మార్చాను. ఈసారి భయం కూడా వేయలేదు.

తొమ్మిదో రోజు ఆదివారం. తాత తనే చూడడానికి వచ్చాడు. ముద్ద మీది వేలిముద్రలో తన బొటనవేలు పెట్టి చూశాడు. పట్టలేదు. నా వైపు తిరిగి, "ఎన్ని దినాలైంది?" అని అడిగాడు. చెప్పాను. కొడతాడనుకున్నాను.

"గాజు పగిలితే గోడ పోయినట్టు గాదు బిడ్డా. దానికి తక్లీఫ్ షురూ అయిందని మనకు చెప్తది. ఆ దినమే చెప్పుంటే మొద్దులు ఆనిచ్చి ఆపేటోణ్ణి. ఇప్పుడు పునాదిల నీళ్లు దిగినయి," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకొని పంతులుగారి ఇంటికి వెళ్లాడు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకొని, "తప్పు నాదే సారూ. నేనే సరిగ చూడలే," అన్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా నొక్కాడు. పంతులుగారు మెల్లగా తలుపు వేసుకున్నారు.

నెల తిరక్కుండానే సరాయిని కూల్చారు. పల్లకి ఏమైందో తెలియదు. సంఘం చెదిరిపోయింది. పాత కట్టడాల పనికి మా తాతను మళ్లీ ఎవరూ పిలవలేదు. పోయేదాకా ఇళ్లకు వెల్లవేస్తూ బతికాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు నేనూ అలాంటి సంఘంలోనే ఉన్నాను. ఆరుగురం, అందరికీ మోకాళ్ల నొప్పులే. ఈ వానాకాలం బొల్లారంలో ఒక పాత బంగళా గోడకు గాజుపట్టీలు పెట్టించాం. పోయిన మంగళవారం ఒకటి పగిలింది. గంటలోపే ఆఫీసుకు రాసిచ్చి, మొద్దులు ఆనించడానికి అనుమతి అడిగాను. బదులుగా కూల్చమనే కాగితం వచ్చింది. సంఘంలో అందరికన్నా చిన్నామె, "మీరు చెప్పకుండ ఉండాల్సింది మేడం. ఇంకో నెలన్నా ఉంటుండె," అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

దాచినా పోయింది, చెప్పినా పోతోంది. తాత దగ్గర నేర్చుకున్నది ఏ గోడనూ నిలబెట్టలేదు. అయినా పగిలిన రోజునే పగిలిందని చెప్పడం మానుకోలేను, నాకు ఇంకోలా చేతకాదు. చెప్పాల్సినది ఒకటి మాత్రం ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయింది. ఆ తప్పు మేస్త్రిది కాదు, నాది. ఇప్పుడు వెళ్లి చెబుదామంటే పంతులుగారు లేరు, ఆనాటి సంఘంలో ఒక్కరూ మిగల్లేదు.