బాపుకు మైకు అలవాటైన ఏడాది

పోయిన ఆదివారం కొంపల్లిలో మా మేనత్త మనవరాలి పెళ్లి విందు. పిల్లలను దీవించి రెండు మాటలు చెప్పమని ఎవరో బాపు చేతికి, అంటే మా నాన్న చేతికి, మైకు ఇచ్చారు. ఇక ఆయన దాన్ని వదిలితే గదా. పెళ్లికొడుకు తాతతో మొదలుపెట్టి, శామీర్‌పేట చెరువు అలుగు పారిన ఏడాది మీదుగా, కొత్తగా పడుతున్న రోడ్ల దాకా వచ్చేసరికి బిర్యానీ చల్లారిపోయింది. నా పక్కన కూర్చున్న మరదలు, "మామ మైకు పట్టుకొనే పుట్టిండా ఏంది వదినా?" అంది. నాకు నవ్వొచ్చింది. మైకును చూస్తే బాపుకు చెమటలు పట్టిన రోజులు ఆ పిల్లకు తెలియవు.

పదో తరగతి అయ్యాక నేను శామీర్‌పేట దారిలోని ఒక స్కూల్లో పదకొండులో చేరాను. ఆ ఏడే అక్కడ కొత్తగా సైకాలజీ పెట్టారు. తీసుకున్నవాళ్లం ఒక్క బెంచీకి సరిపోయేంత మందిమి. ఇంట్లో చెప్పగానే బాపు, "సైకాలజీ అంటె ఏంది? పిచ్చోళ్ల సదువా?" అన్నాడు. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, ఇంకా కలవరపడి, "మనింట్ల అందరం మంచిగనే ఉన్నం గదనే, గా సదువెందుకు బిడ్డా?" అంది. నేను అన్నం మీద అలిగితే బాపు కొంచెం తగ్గాడు. "దసరా దాంక సదువు. అటెంక ఎంపీసీల కూసోవాలె," అని తేల్చేశాడు. ఆయనతో మాటల్లో గెలవడం ఎవరి తరమూ కాదు. మా ఊరి పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. బాపు గట్టు మీద నిలబడి చెబుతుంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవాడు కూడా కొనుక్కుని పోయేవాడు.

అదే ఏడాది ఊరివాళ్లు ఆయనను సర్పంచ్‌గా నిలబడమన్నారు. ఆయన మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరికే అది. అయినా ఆ పూట అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా, అమ్మతో "నిలవడుడు నాతోని గాదు. మైకుల మాట్లాడాలె గద," అనడం విన్నాను. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఐదో తరగతిలో పంద్రాగస్టు నాడు మైకు ముందుకు వెళ్లగానే అది కీచుమని కూతపెట్టిందట. ఆ అదురుకు నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. బడంతా నవ్వింది. అప్పటినుంచి మైకు కనబడితే దూరం జరుగుతాడట.

మర్నాడు క్లాసయ్యాక మా సైకాలజీ మేడాన్ని అడిగాను. "నేర్చుకున్న భయమే కదా, పోగొట్టడమూ నేర్పొచ్చు. ఆయనకు ఏమాత్రం భయం వేయని చిన్న పనితో మొదలుపెట్టు. తొందరపడకు," అంది.

బాపు ఒప్పుకున్నది నా మీద నమ్మకంతో కాదు, వేరే దారి లేక. టెంట్‌హౌస్ నుంచి మైకు, స్పీకరు తెప్పించి, వైరు తగిలించకుండా, పొద్దున చాయ్ తాగేటప్పుడు మైకును ఆయన పక్కన పెట్టాను. కొన్నాళ్లకు దాన్ని ఒళ్లో పెట్టుకుని పేపరు చదివాడు. ఆ తర్వాత చేతిలో పట్టుకుని కొట్టంలో బర్రెలతో మాట్లాడాడు. బర్రెల తర్వాత అవ్వ వంతు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగ మాట్లాడు కొడకా, ఓటు నీకే ఏస్త," అనేది. ఇదంతా చూసి నాకు ఉషారెక్కువై, ఒకరోజు చిన్నాన్నలందరినీ పిలిచి మైకుకు కరెంటు ఇచ్చాను. అది కీచుమంది. బాపు మైకు మంచం మీద పడేసి, "నాతోని గాదు బిడ్డా," అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

జరిగింది చెబితే మేడం తిట్టలేదు. "ఒక మెట్టు వెనక్కి రా," అంది. ఈసారి చిన్నాన్నలు లేకుండా, ఆ కూతను బాపు చేతే పుట్టించాను. మైకును స్పీకరు దగ్గరికి తీసుకుపోతే కూత. దూరం జరిపితే మాయం. అలా జరుపుతూ జరుపుతూ బాపు నవ్వడం మొదలుపెట్టాడు. "ఓర్ని, ఇదేనా నన్ను గింత పరేషాన్ జేసింది," అన్నాడు.

దసరాకు ముందు పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టారు. నేను ఆడవాళ్లలో అవ్వ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. బాపు మైకు అందుకున్నాడు. దాన్నే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. వెనక నుంచి ఎవరో, "మాట్లాడు పటేలా," అన్నారు. అవ్వ గోళ్లు నా అరచేతిలో దిగుతున్నాయి. అప్పుడు బాపు కావాలనే మైకును స్పీకరు వైపు జరిపాడు. కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. "గిది గిట్లనే ఒర్రుతది, భయపడకుండ్రి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ తర్వాత మంచినీళ్ల గురించి, బడి గోడ గురించి, గట్టు మీద మాట్లాడినట్టే మాట్లాడాడు. చివరికి, "చిన్నప్పటి సంది నాకు మైకంటె భయముండె. నా బిడ్డ పోగొట్టింది. అది సైకాలజీ సదువుతాంది. ఇగ అదే సదువుతది," అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నాకు కళ్లు మసకబారి స్టేజీ కనబడలేదు. పక్కనున్న ఆమె అదేం చదువని అడిగితే అవ్వ, "ధైర్యం సదువు," అంది, తనే చెప్పిస్తున్నట్టు.

బాపు సర్పంచయ్యాడు. నేను సైకాలజీలోనే సాగి, ఇప్పుడు బడిపిల్లల భయాలు వింటున్నాను. బాపు ఐదో తరగతి నుంచి ఆ సభ దాకా గడిచిన ముప్పై ఏళ్లు వాటంతట అవి ఆ భయాన్ని ఇంచు కదిలించలేకపోయాయి. చాయ్ గ్లాసుల పక్కన మేమిద్దరం కూర్చున్న ఆ కొన్ని పొద్దులే కదిలించాయి.