బోరిస్ పేరిట తగ్గింపు

మా ఇంబాబా పేట సందుల్లో పెళ్లంటే మా బావ జిన్హుమ్ పాట మోగాల్సిందే. టుక్‌టుక్ ఆటోలన్నింటిలోనూ అవే పాటలు. కట్టిందెవరో మాత్రం ఒక్కడికీ తెలియదు. "నా పాటలు దోచుకు తింటున్నార్రా దొంగవెధవలు!" అని నా కాఫీ కొట్టులో కూర్చుని రోజూ శాపనార్థాలు పెట్టేవాడు. ఆ పాటలు కట్టే సాఫ్ట్‌వేరూ దొంగదే కదా అంటే, "అది వేరే సంగతి" అని హుక్కా అందుకునేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్ తెరవగానే "యజమాని: బోరిస్" అని కనిపిస్తుంది. దాని తాళం పగలగొట్టిన మహానుభావుడి పేరట. మా పేటలో పాటలు కట్టేవాళ్లందరి కంప్యూటర్లలోనూ ఆ బోరిసే కాపురం.

ఈసారి రంజాన్ నెలంతా టీవీలో వచ్చే సీరియల్ టైటిల్ పాట బావకు దక్కింది. సీరియల్ వాళ్ల షరతు ఒకటే: కొన్న సాఫ్ట్‌వేర్‌తో కట్టాలి, లైసెన్సు పంపాలి. ఇన్నాళ్లకు తెర మీద తన పేరు! మనిషి నేల మీద నిలవలేదు. డబ్బు కూడా సిద్ధం చేసుకున్నాడు. తీరా కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ పేజీ తెరిస్తే, వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ వదిలి మా దగ్గరికి వచ్చేవాళ్లకు సగం ధరే, పాతది మీదేనని చూపండి అని ఉంది.

"పూర్తి ధర కట్టెయ్ బావా, పీడా పోతుంది," అన్నాను.

"చెప్పిన ధరకు కొంటే కూరగాయల షాదియా కూడా నన్ను చూసి నవ్వుతుంది. బేరం లేకుండా కొనడమూ ఒక కొనడమేనా?"

పాతదాని ఫొటో పంపాడు. యజమాని బోరిస్ అని ఉంది, అది మీరేనా అని కంపెనీ అడిగింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన పాపానికి జవాబు నేను రాయాలి.

"ఔనని రాయవోయ్."

"మరి మీ అమ్మ పెట్టిన పేరో?"

"సగం ధర రా బాబూ! కాసేపు బోరిస్ అయితే అరిగిపోతానా?"

తగ్గింపు వచ్చింది. లైసెన్సు బోరిస్ పేరిట వచ్చింది. బావ ధర చూసి మురిశాడే గానీ పేరు చూడలేదు, అలాగే సీరియల్ వాళ్లకు పంపేశాడు. లైసెన్సు మీద ఉన్న పేరే తెర మీద వేస్తామని సీరియల్ వాళ్లు ముందే చెప్పారు. ఆ మాట వినే ఓపిక ఆయనకెక్కడిది?

మొదటి రోజు ఇఫ్తార్ కాగానే సందంతా నా కొట్టులో టీవీ ముందు చేరింది. అందరికీ బావ ఖర్చుతో టీ. పాట మోగింది, చప్పట్లు మోగాయి. తెర మీద "సంగీతం: బోరిస్" అని పడింది.

"ఎవడ్రా ఆ బోరిస్? నీ పేరేదిరా?" అని పై కిటికీలోంచి వాళ్లమ్మ కేక.

బావ గబుక్కున లేచి, "బోరిస్ అంటే నేనే!" అని అరిచాడు.

"నువ్వెలా అవుతావు? బోరిస్ నేను కదా," అన్నాడు మూల బల్ల దగ్గర పోటీ పాటగాడు ఫాంగరీ. "కావాలంటే నా కంప్యూటర్ తెరిచి చూడండి."

ఇంకో ఇద్దరు బోరిసులు కూడా లేచారు. ఎవరిని మెచ్చుకోవాలో తెలియక జనం వరసగా అందరితోనూ చేతులు కలిపారు. నాకు నవ్వాగలేదు, బావను చూస్తే జాలీ వేసింది. ఆయన వంతు వచ్చేసరికి జనం ఇళ్లకు బయల్దేరారు.