ఆదోనిలో నేను ఎంచిన రెండు టైర్లు

నాకు టైర్ల గురించి ఏమీ తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

డెబ్బయ్యవ దశకం చివర్లో, పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండకముందే, ఎమ్మిగనూరులో మా మామ తన పికప్ బండి పెత్తనం నా చేతిలో పెట్టాడు. పాత జీపును వెనక కోయించి తొట్టి కట్టించిన బండి అది. తొట్టిలో కొంత, వెనక కొక్కేనికి తగిలించిన ట్రాలీలో మిగతాదంతా వేసుకుని, పల్లెల నుంచి ఆదోని మిల్లులకు పత్తి చేరవేసేది. అత్తగారి ఊళ్ళో కాపురం పెట్టినవాణ్ణి. ఊళ్ళో వాళ్ళ దృష్టిలో నేను ఉత్త అల్లుణ్ణే తప్ప మరేమీ కాదు. ఏదో ఒక పనిలో మొనగాణ్ణి అనిపించుకోవాలని నాకు మహా యావగా ఉండేది.

బండి తోలేది దేవనకొండ వైపు పల్లె మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు. మాటలు తక్కువ. పొద్దున్నే బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు చక్రాలనూ, ట్రాలీ చక్రాలనూ అరచేత్తో తట్టి చూసిన తర్వాత గానీ తాళం తిప్పేవాడు కాదు. నాకది చాదస్తంగా కనిపించి, "ఏమన్నా, ఎద్దులను దువ్వినట్టు దువ్వుతున్నావే" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడు వానాకాలంలో మామ చేని దారిలో, నల్లరేగడిలో బండి దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయే గానీ బండి అంగుళం కదలదు. చివరికి రెండు జతల ఎద్దులు కట్టి లాగించారు. మామ గట్టు మీద గొడుగు పట్టుకుని అంతా చూశాడు. పక్కనున్న రైతులు "అల్లుని బండి కంటే మా ఎద్దులే మేలప్పా" అని పడీ పడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు మర్చిపోవడం నా వల్ల కాలేదు.

పత్తి తీతలు మొదలయ్యేసరికి వెనక టైర్లు రెండూ అరిగిపోయి గుండు గీసినట్టున్నాయి. కొత్తవి కావాలంటే అప్పట్లో నెలల తరబడి కాచుకోవాలి. అందుకని వాడిన టైర్లే చూసుకుందామని నేనూ అన్నా కలిసి ఆదోని పోయాం. బయల్దేరే ముందు మామ, "నువ్వే సూసి తీసుకురా అల్లుడా" అన్నాడు. ఆ మాటకు నేను గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బిపోయాను.

అక్కడి టైర్ల అంగడిలో మా చక్రాలకు సరిపోయే జతలు రెండే ఉన్నాయి. ధర రెంటికీ ఒకటే. ఒక జత చూడటానికి ఏమీ బాగా లేదు. పైగీతలు సగం అరిగాయి, పక్కలకు దుమ్ము పట్టింది. రెండో జత నల్లగా నిగనిగలాడుతోంది. పాత టైరు మీద కొత్త రబ్బరు వేసి, ట్రాక్టరు చక్రానికి ఉన్నట్టు లోతైన పళ్ళు కోశారు. ఒక్కో సందులో బొటనవేలు కణుపు దాకా దిగుతుంది. వేలు పెట్టి చూస్తుంటే వానాకాలపు బురద, గొడుగు పట్టుకున్న మామ, ఎద్దుల రైతులు అందరూ కళ్ళ ముందుకొచ్చారు. ఈ టైర్లుంటే ఇంకెవడు నవ్వుతాడో చూద్దామనుకున్నాను.

అన్న పద్ధతి వేరు. ఆయన పైపళ్ళ వంక కన్నెత్తి చూడలేదు. గొంతుక్కూర్చుని, టైరు లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా చుట్టూ తడిమాడు. అరిగిన జత రెంటినీ తడిమి తల ఊపాడు. నల్ల జతలో మొదటిది తడిమి ఊరుకున్నాడు. రెండోదాంట్లో ఒకచోట చెయ్యి ఆగింది.

"ఈడ అతుకేసినారప్పా. లోపల తాళ్ళు తెగినాయి. ఇది వద్దు. ఆ అరిగినేవే తీసుకుందాం. వాటి ఒళ్ళు గట్టిగా ఉండాది."

"అవి వేస్తే మళ్ళీ బురదలో దిగబడతాం కదన్నా."

"ఇప్పుడు బురద యాడుందప్పా? పత్తి మోసేది ఎండల్లో గదా. ట్రాలీ బరువు అంతా ఎనకటైర్ల మింద కూసుంటాది. పండ్లు సూసి కాదు, లోపల సూసి తీసుకోవల్ల."

ఆయన చెప్పింది చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యే మాట. నాకు అర్థం కాక కాదు. అంగడివాడి ముందు డ్రైవరు నాకు పాఠం చెప్పడం నచ్చలేదు. ఆ అరిగిన టైర్లు తీసుకుపోతే మామ ఏమనుకుంటాడోనన్న బెంగ ఒకటి. "తోలేది నీ పని, ఎంచేది నా పని" అన్నాను. అన్న లేచి, చెయ్యి తుడుచుకుని, నల్ల టైర్లు తొట్టిలోకి ఎత్తాడు. ఇంటికి తెస్తే మామ చుట్టూ తిరిగి చూసి, "బాగున్నాయి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కడుపు నిండిపోయింది.

మూడు వారాలు బాగానే నడిచాయి. ఒక మధ్యాహ్నం ట్రాలీ మీద పత్తి కుక్కిన గోనె బోరేలు రెండాళ్ళ ఎత్తున కట్టుకుని ఆదోనికి పోతున్నాం. నేను ముందు సీట్లో అన్న పక్కనే ఉన్నాను. బరువు ఎక్కువై బండి ఎంత నిదానంగా పోతోందంటే, ఒక సైకిలువాడు గంట కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయాడు. మిట్ట దిగి మలుపు తిరుగుతుండగా ఎడమవైపు వెనక టైరు ఢామ్మని పేలింది. ట్రాలీ బండిని పక్కకు ఈడ్చింది. ఎదురుగా వేరుశనగ కట్టెతో ఎద్దులబండి వస్తోంది. అన్న స్టీరింగును గుండెకు ఆనించి పట్టి, ఎద్దులను తప్పించి బండిని చేలోకి దింపాడు. ట్రాలీ పల్టీ కొట్టింది. బోరేలు పిగిలి జొన్న మోళ్ళ మీద పత్తి తెల్లగా పరుచుకుంది. నాకు మోకాలు గీసుకుంది. అన్న కుడి ముంజేయి వాచిపోయింది.

ఎమ్మిగనూరు పోయే లారీలో మామకు కబురు పంపాను. ఈలోగా అన్న పేలిన టైరు దగ్గరికి పోయి చూశాడు. లోపలి అతుకు, అరచెయ్యంత రబ్బరు ముక్క, ఊడి వేలాడుతోంది. ఎడం చేత్తోనే దాన్ని లాగి, దూరంగా కంపచెట్లలోకి విసిరేశాడు.

"మీ మామ సూస్తే నీకు మాటొస్తాదప్పా" అన్నాడు.

మామ వచ్చాడు. బోర్లాపడ్డ ట్రాలీని చూశాడు, పత్తిని చూశాడు. అన్నను అడగలేదు, నన్నే అడిగాడు.

"ఏమైనాది అల్లుడా?"

టైరు నేనే తప్పుగా ఎంచాను అంటే సరిపోయేది. మహా అయితే మామ రెండు రోజులు ముఖం ముడుచుకునేవాడు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"కొంచెం జోరుగా తోలినాడు మామా."

అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. వాచిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. మామ ఆయన వైపు తిరిగి, "ఏమప్పా, నిజమేనా?" అని అడిగితే తల వంచుకుని, "తప్పైపోయింది" అన్నాడు. మా వైపు అత్తగారింట అల్లుడి మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఆ సంగతి తెలిసే నేను ఆ మాట అనగలిగాను.

మరుసటి రోజు నుంచి ఆయన రాలేదు. బండి పల్టీ కొట్టించాడన్న పేరు మిల్లుల దగ్గర ఒక్క పూటలో పాకిపోయింది. ఆ పేరు పడ్డవాడికి ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ స్టీరింగు ఇచ్చేవాడు ఎవడు? చెప్పి తప్పు దిద్దాలని ఎన్నిసార్లు అనుకున్నానో. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఉన్నాను. ఎనభైల మొదట్లో మామ పోయాడు. ఇక ఎవరికి దాచాలి? అయినా చెప్పలేదు. అబద్ధానికి కారణం పోయినా అలవాటు పోలేదు.

తర్వాత మూడు నాలుగేళ్ళకు విత్తనాల కోసం దేవనకొండ వైపు ఒక ఊరికి పోతే, ఆయన పల్లె దాని పక్కనేనని తెలిసింది. ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుని పోయాను. అన్న అప్పుడే కూలి పని నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని కాళ్ళకంటిన మన్ను దులుపుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, "రాప్పా, రా, ఎండన పడొచ్చినావు" అని చాప వేయించాడు. ఆయన భార్యను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆమె లోటాలో మజ్జిగ పోసి ఇచ్చి, చెంబు పట్టుకుని పక్కన నిలబడింది. నేను మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, ఆమే మొదలుపెట్టింది.

"మా వల్ల మీకు శానా నష్టమైందంట గదప్పా. జోరుగా తోలి బండి పడేసినానని ఈయప్పే సెప్పినాడు. మీ ఇంటి అన్నం తిని అట్ల సేసినాడే అని నేను శానా తిట్టినాను. మనసులో పెట్టుకోవద్దప్పా."

సొంత పెళ్ళానికి కూడా చెప్పలేదు! ఇన్నేళ్ళూ నా తప్పుకు ఆమె చేత తిట్లు తిన్నాడు. నేను తల ఎత్తి అన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"పాత మాటలు ఇప్పుడెందుకే? అప్పకు ఇంకొంచెం మజ్జిగ పొయ్" అన్నాడు.

ఆమె చెంబు వంచింది. నేను లోటా చాపాను.