కో పింగ్-హావ్ నల్ల తెరకు మాటలు నేర్పిన వైనం

మా ఊరు లిన్‌బియాన్ బజారులో కంప్యూటర్లు బాగుచేసే కో పింగ్-హావ్, కొట్టుకి తాళం వేశాక దాన్ని మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగోసారి లాగితే ఊడి చేతికొస్తుందేమోనన్న భయంతో అక్కడితో ఆగేవాడు. స్కూటర్‌కి బ్రేకులు పడతాయో లేదోనని ముందే కాళ్లు నేలకి ఆనించేవాడు. సూప్ చల్లారేదాకా తాగేవాడు కాదు, చల్లారాక పాడైందేమోనని తాగేవాడు కాదు.

మా చేపల చెరువుల వాళ్లు ప్రోగ్రాంలు రాయించుకోవడానికి వెతికి వెతికి ఇలాంటి మనిషినే పట్టుకున్నారు. ఇంత భయపడేవాడు రాసింది చెడిపోయే ముందు కాస్త ఆలోచిస్తుందని వాళ్ల లెక్క.

ష్యూ ఆ-లువాన్ పిన్ని చెరువు గట్టున రేకుల షెడ్డులో నడిచే ప్రోగ్రాం అతను రాసిందే. దానికి బొమ్మల్లేవు, మీటల్లేవు. ఒక నల్ల కిటికీ, అందులో మిణుకుమిణుకుమనే చిన్న గీత, అంతే. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో నిమిషానికోసారి చూస్తుంది. తగ్గితే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు తిప్పుతుంది, పెరిగితే ఆపుతుంది. పిన్ని భర్త పోయాక ఆమెకి మిగిలింది ఆ ఒక్క చెరువు. అందులో రెండేళ్లుగా పెంచిన గ్రూపర్ చేపలు. వేసవి దాటగానే కొనేవాళ్ల పడవ వస్తుంది. గాలి ఆడని రోజున ఒక్క మధ్యాహ్నం చక్రాలు తిరగకపోతే ఆ పడవ ఖాళీగా వెళ్లిపోతుంది.

ప్రోగ్రాం ఏడాదిపాటు నోరెత్తకుండా పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఒరేయ్ ఆ-హావ్, ఇది బతికుందా, పోయిందా?" అని పిన్ని రోజూ పింగ్-హావ్‌కి ఫోన్ చేసేది.

"బతికే ఉంటుంది పిన్నీ."

"ఉంటుందేంటి? ఉందని చెప్పు."

అతను చెప్పలేకపోయేవాడు. నిజానికి అతనికీ తెలీదు. పనిచేస్తున్నప్పుడూ మౌనమే, చచ్చిపోయినా మౌనమే. ఆ రెండు మౌనాలకీ తేడా చేపలకి తప్ప ఎవరికీ తెలిసే అవకాశం లేదని గ్రహించిన రోజున అతను అన్నం ముట్టలేదు. మర్నాడే షెడ్డుకి వచ్చి ప్రోగ్రాంకి మాటలు నేర్పడం మొదలుపెట్టాడు.

మహాకార్యమేమీ కాదు. ప్రోగ్రాం ఒక్కో పని చేసినప్పుడల్లా తెర మీద ఒక లైను రాస్తుంది: టైము, ఆక్సిజన్, చక్రాల సంగతి. లైను ముందు దాని తీవ్రతను బట్టి ఒక ముద్ర. 'మామూలు', 'జాగ్రత్త', 'ప్రమాదం' అని మూడు ముద్రలు. ఏ లైనుకి ఏ ముద్ర పడాలో మాత్రం రాసేవాడి స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. పింగ్-హావ్ మొదటి రోజు రాసినదాంట్లో ప్రోగ్రాం మొదలవడం ప్రమాదం, ఆక్సిజన్ చూడటం ప్రమాదం, ఆక్సిజన్ బాగుండటం మరీ ప్రమాదం.

పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "నీళ్లు బాగున్నాయంటూనే ప్రమాదం అంటుందేంట్రా? నీ నోరే పెట్టావా దీనికి?"

"బాగున్నాయంటే, ఇకముందు పాడవడానికే కదా పిన్నీ మిగిలింది..."

"మార్చు. లేకపోతే నిన్ను చెరువులో దింపి నీకెంత ఆక్సిజన్ ఉందో చూస్తా."

మార్చాడు. అప్పట్నుంచి పిన్ని టీవీ సీరియల్ మానేసి షెడ్డులో కూర్చుని లైన్లు చూసేది. పక్క చెరువు వాళ్లని పిలిచి "మాది మాట్లాడుతుంది" అని చూపించేది. ఆమె ధైర్యం చూసి పింగ్-హావ్ కంగారుపడ్డాడు. ఎవరైనా సరదాపడి చేత్తో చక్రాలు ఆపేస్తారేమోనని చేతి స్విచ్ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. కీబోర్డు మీద వేలు పెట్టనని పిన్ని చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ వేసవి చివర్లో తుఫాను ఒకటి ఫిలిప్పీన్స్ అవతల సముద్రంలో కూర్చుని ఎటు పోవాలా అని ఆలోచిస్తోంది. ఇక్కడ ఆకు కదలడం లేదు. అలాంటి రోజున పింగ్-హావ్‌కి గుర్తొచ్చింది, షెడ్డులో కంప్యూటర్ మీద పెట్టిన ఆకుపచ్చ బొరుగుల ప్యాకెట్‌కి గడువు దాటబోతోందని. మా దగ్గర ఏ యంత్రం మీద చూసినా ఆ ప్యాకెట్ ఉంటుంది. దాని పేరుకి 'బుద్ధిగా ఉండు' అని అర్థం; అది ఉంటే యంత్రం మొరాయించదని నమ్మకం. రంగు ఆకుపచ్చే కావాలి, గడువు దాటకూడదు, యంత్రం పనిచేస్తున్నంతకాలం దాన్ని విప్పి తినకూడదు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు కూడా దీని మీద వాదన పెట్టుకోరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త ప్యాకెట్ తెచ్చాడు. కంప్యూటర్ మీద పెడితే ఫ్యాను గాలికి పడిపోతోంది. పడటం అపశకునం. కింద బల్ల మీద మౌస్ మీదికి వాల్చి, కదలకుండా ఉండాలని పైనుంచి గట్టిగా ఒక్క నొక్కు నొక్కి కూర్చోబెట్టాడు. చేతులు జోడించి దండం పెట్టాడు. ఆ రోజు కాస్త నిమ్మళంగా ఇంటికెళ్లాడు. అతని జీవితంలో నిమ్మళం వచ్చిన రోజులు తక్కువ. వాటిలో ఇది ఎంచుకోదగ్గది కాదు.

మబ్బులు కమ్మాయి. ఎండ పోయింది. పిన్ని ఫోన్ చేసింది.

"ఆ-హావ్, నువ్వు దండం పెట్టాక మా పెట్టె బంగారంలా ఉందిరా. ఒక్క చెడ్డమాట లేదు. 'మామూలు' అంటోంది."

"ఆఖరి లైనులో టైమెంత పిన్నీ?"

"ఒకటీ పది."

అతను గోడ గడియారం వైపు చూశాడు. మూడు దాటింది.

"చక్రాలు తిరుగుతున్నాయా?"

"లేదు. ఆక్సిజన్ బాగుందంటోందిగా, ఎందుకు తిరుగుతాయి?" అంటూ ఆమె బయటికొచ్చింది. గట్టు దగ్గరికి రాగానే ఆమె గొంతు చిన్నదైపోయింది. "ఆ-హావ్... చేపలు నోళ్లు పైకి పెట్టాయి. చెరువంతా నోళ్లేరా."

"స్విచ్..." అన్నాడు. తాళంచెవి తన జేబులోనే ఉంది.

స్కూటర్ మీద అతను ఆ రోజు కాళ్లు నేలకి ఆనించలేదు. దారిపొడుగునా ఒకటే దృశ్యం: తెల్లటి పొట్టలు తేలిన నీళ్లు, గట్టు మీద నిలబడ్డ పిన్ని, తనని ఏమీ అనకుండా. ఆమె తిడితే ఫరవాలేదు. అనకపోతే ఏంచేయాలో అతనికి తెలీదు.

షెడ్డులోకి దూరాడు. తొందరలో తాళంచెవి రెండుసార్లు కింద పడింది. మూడోసారి వంగినప్పుడు తెర కళ్లకి ఎదురుగా వచ్చింది. ఒకటీ పది దగ్గర ఆగిన లైను. ఆ పక్కన, చీమంత తెల్లటి మచ్చ. దాని కింద బల్ల మీద ఆకుపచ్చ ప్యాకెట్, ప్యాకెట్ కింద మౌస్.

అర్థమైంది. ఆ నల్ల కిటికీలకి ఒక పాత అలవాటుంది. లోపల మౌస్ నొక్కితే అక్కడో తెల్లమచ్చ పెట్టి, ఎవరో అక్షరాలు కాపీ చేసుకోబోతున్నారనుకుని, పెద్దమనిషి తరహాలో ఎంటర్ కొట్టేదాకా కొత్త అక్షరం పడనివ్వవు. ప్రోగ్రాం మూగగా ఉన్నన్నాళ్లూ దీనివల్ల నష్టం లేదు, రాసేదేమీ లేదు కాబట్టి. ఇప్పుడు లైను రాయాలి. కిటికీ రాయనివ్వదు. రాసేదాకా ప్రోగ్రాం మరో పని ముట్టదు. భయం తీరడానికని అతనిచ్చిన నోరే దాని గొంతు పట్టుకుంది.

ఎంటర్ కొట్టాడు.

తెర కదిలింది. కొత్త లైను పడింది, ముందు ముద్రతో సహా: ప్రమాదం. మొదటి రోజు అనవసరంగా వాడి తిట్లు తిన్న మాట, ఈసారి సరిగ్గా తన చోట కూర్చుంది. బయట చక్రాలు ఒకదాని వెనక ఒకటి నీళ్లని కొట్టడం మొదలుపెట్టాయి.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. తూము మూల కొన్ని పొట్టలు తేలాయి. మిగతా నోళ్లు చాలాసేపు అలాగే ఉండి, ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాన మొదలైంది.

"ఏమైందిరా?" అంది పిన్ని.

దాచకుండా చెప్పాడు. ప్యాకెట్ సంగతీ, తన నొక్కు సంగతీ.

ఆమె లేచి షెడ్డులోకెళ్లి ప్యాకెట్ పట్టుకొచ్చింది. అతను "పిన్నీ, వద్దు" అనేలోపు చింపేసింది.

"యంత్రం నడుస్తుండగా తినకూడదు పిన్నీ!"

"బుద్ధిగా ఉండమని పెడితే దీనికే లేదు బుద్ధి. తిను. నీ మొహం చూస్తే నీకూ ఆక్సిజన్ తగ్గినట్టుంది."

అరచేతిలో బొరుగులు పోసింది. పింగ్-హావ్ వాటిని పట్టుకుని తలుపులోంచి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. నిమిషం గడిచింది. కొత్త లైను పడింది. టైము మారింది. అప్పుడు ఒక్కటి తీసి నోట్లో వేసుకున్నాడు. రెండోది తినడానికి ఇంకో లైను పడేదాకా ఆగాడు.